గడ్డి దిబ్బకు సగం రోజు

వేసవి వచ్చిందంటే ఇంగ్లండులోని మా రెడింగ్ తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒకే ప్రశ్న తిరుగుతుంది: "ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, శనివారం ఒక్కరోజులో కారులో ఏమేం చూపించవచ్చు?" జవాబు కూడా ఏటా ఒకటే. పొద్దున స్టోన్‌హెంజ్ రాతి వలయం, మధ్యాహ్నం బాత్ నగరం, సాయంత్రం కాట్స్‌వోల్డ్స్‌లో తేనెరంగు రాతి ఇళ్ళున్న ఏదో ఒక ఊరు, చీకటి పడేలోగా ఇల్లు. జూన్‌లో చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది కాబట్టి కాగితం మీద లెక్క కుదురుతుంది. అందులో కారులో కూర్చున్నదెంత, బండి నిలిపే చోటు కోసం తిరిగిందెంత, టాయిలెట్ల ముందు వరుసలో నిలబడిందెంత అని ఎవరూ తీసివేతలు చేయరు.

ఈ మధ్య ఒకావిడ ఆ పట్టికలో సాల్స్‌బరీ పక్కన పాడుబడిన పాత కోట ఓల్డ్ సారమ్ చేర్చుకోవచ్చా అని అడిగారు. వెంటనే ఇంకొకాయన "అక్కడేముందండీ, గడ్డి దిబ్బ. పూట దండగ" అని తేల్చేశారు. ఆ మాటకు మద్దతుగా బొటనవేళ్ళు టపటపా లేచాయి. ఫోనులో వేళ్ళు నొప్పెట్టేలా వాదించడం నా వల్ల కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేననేది ఇదీ: స్టోన్‌హెంజ్, ఓల్డ్ సారమ్ ఉన్న విల్ట్‌షైర్ వైపు ఒక్క రోజు కోసం వెళ్ళే తెలుగువాళ్ళు తక్కినవాటిలో దేన్ని కోసేసుకున్నా నష్టం లేదు, ఆ గడ్డి దిబ్బకు మాత్రం సగం రోజు ఇవ్వాలి.

రాళ్ళ దగ్గర

మే నెలాఖరులో మేం వెళ్ళిన దారి చెబుతాను. ఎం4 రహదారి మీద పడమటికి పోయి, స్విండన్ దగ్గర దిగి, మార్ల్‌బరో మీదుగా ముందు ఏవ్‌బరీ. బండిలో మా ఆయన, నేను, ఎనిమిదేళ్ళ మా వాడు, పల్నాడు నుంచి వచ్చిన మా నాన్నగారు. నాన్నగారు నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఎక్కువ భాగం సాగర్ కుడి కాలువ వెంబడే గడిచింది. ఏ కట్టడం చూసినా ముందు పునాది చూస్తారు, తర్వాత నీళ్ళు ఎటు వస్తాయి, ఎటు పోతాయి అని చూస్తారు. అందం, చరిత్ర వగైరాలు ఆ తర్వాతే.

ఏవ్‌బరీలో ఊరూ రాళ్ళూ కలిసిపోయి ఉంటాయి. అంత పెద్ద రాతి వలయం ప్రపంచంలో మరొకటి లేదంటారు. దాని మధ్యలోంచి రోడ్డు పోతుంది, ఇళ్ళున్నాయి, పబ్బు ఉంది, గొర్రెలు వచ్చి నిలువురాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటాయి. తాడు అడ్డం లేదు, టికెట్టు లేదు. బండి నిలిపినందుకు మాత్రం కట్టించుకుంటారు. నాన్నగారు ఒక ఇంటి గోడ దగ్గర ఆగి, రాతిని వేలితో గీకి చూసి, "ఈ రాయీ ఆ రాయీ ఒకటే కదమ్మా" అన్నారు. ఒకటే. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో ఇక్కడివాళ్ళు నిలువురాళ్ళ చుట్టూ మంట పెట్టి, కాగిన రాతి మీద చన్నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ తర్వాత 1930ల్లో, మార్మలేడ్ వ్యాపారంలో వచ్చిన సొమ్ముతో ఎలగ్జాండర్ కీలర్ అనే ఆయన, పూడిపోయిన రాళ్ళను తవ్వించి మళ్ళీ నిలబెట్టించాడు. అడ్డొచ్చిన ఇళ్ళు కొన్ని కూలగొట్టించాడు కూడా. అంటే ఎవరూ చేయి పెట్టనట్టు కనిపించి మనల్ని మురిపించే ఆ చోటు నిజానికి ఒకరు సర్ది పెట్టిందే.

అక్కడికి దగ్గర్లోనే పొలం గట్టున నడిచి ఎక్కితే వెస్ట్ కెనెట్ సమాధి వస్తుంది. క్రీస్తుపూర్వం 3650 ప్రాంతంలో కట్టింది. తలుపూ లేదు, కాపలా లేదు, సరాసరి లోపలికి నడిచిపోవచ్చు. మా వాడు లోపలికి వెళ్ళినంత వేగంగా బయటికి వచ్చాడు.

స్టోన్‌హెంజ్‌ను వదిలేద్దామన్నాను నేను. నాన్నగారు ఒప్పుకోలేదు. "ఇంగ్లండు దాకా వెళ్ళి అది చూడలేదా అని ఊళ్ళో అడుగుతారు, ఏం చెప్పను?" అన్నారు. న్యాయమైన మాటే. ముందే సమయం రాయించుకున్న టికెట్టు, రెండు కిలోమీటర్ల అవతల సందర్శకుల కేంద్రం, అక్కడి నుంచి బస్సు, తర్వాత తాడు బయట ప్రదక్షిణం. జనం అందరూ ఒకే మూలన నిలబడి ఒకే ఫొటో తీసుకుంటున్నారు. అప్పుడు నాన్నగారు అందరికంటే ఎత్తుగా, ఒంటరిగా నిలిచిన రాయి వైపు చేయి చూపించారు. దాని నెత్తిన చిన్న బుడిపె ఉంది. "పైన పెట్టే అడ్డరాయికి కింద గుంట తొలిచి ఉంటారు. ఆ గుంటలో ఈ బుడిపె కూర్చోవాలి. వడ్రంగి పని ఇది. కర్రకు చేసే పని రాతికి చేశారు" అన్నారు. నిజమే, స్టోన్‌హెంజ్ అడ్డరాళ్ళ అతుకులన్నీ వడ్రంగి అతుకులే. నేను ఎన్నో ఫొటోల్లో చూసిన రాయి అది, ఆ బుడిపె ఏనాడూ నా కంట పడలేదు.

కాబట్టి స్టోన్‌హెంజ్ మీద నాకు కక్ష ఏమీ లేదు. పెద్ద రాళ్ళు మార్ల్‌బరో పక్కనున్న వెస్ట్ వుడ్స్ నుంచి, చిన్నవి వేల్స్ నుంచి, మధ్యలో పడి ఉన్న బలిపీఠపు రాయి స్కాట్లండు ఈశాన్యపు కొస నుంచి వచ్చాయని ఇప్పుడు తేలింది. ఆ చివరిది తెలిసింది 2024లోనే. ఇంత ఘనమైన కట్టడాన్ని 1915లో సాల్స్‌బరీలో వేలం వేస్తే సెసిల్ చబ్ అనే ఆయన 6,600 పౌండ్లకు పాడుకుని, మూడేళ్ళ తర్వాత దేశానికి ఇచ్చేశాడు. ఇవన్నీ వినడానికి బాగుంటాయి. నా ఫిర్యాదు రాళ్ళ మీద కాదు, ఆ టికెట్టు మీద రాసి ఉండే సమయం మీద. అది రోజు మొత్తాన్నీ తన చుట్టూ తిప్పుకుంటుంది. పదకొండున్నరకు అక్కడ ఉండాలంటే ఏవ్‌బరీలో గొర్రెలను చూస్తూ నిలబడనివ్వదు. మనం ఊరుకోం కాబట్టి తర్వాత బాత్‌కు పరుగు.

నీళ్ళెక్కడివి?

స్టోన్‌హెంజ్ నుంచి ఏమ్స్‌బరీ మీదుగా ఏ345 రోడ్డున దక్షిణంగా వస్తే, సాల్స్‌బరీకి మూడు కిలోమీటర్ల ముందే కుడివైపు మట్టి కట్టలు వలయాలుగా లేచి కనిపిస్తాయి. అదే ఓల్డ్ సారమ్. బండి వెలుపలి కోట ఆవరణలోనే ఆపుకోవచ్చు. అక్కడ తిరగడానికి డబ్బు అక్కర్లేదు. లోతైన కందకం మీద చెక్క వంతెన దాటి నడిమి కోటలోకి వెళ్ళాలంటేనే టికెట్టు.

దిగీ దిగగానే నాన్నగారు అడిగిన ప్రశ్న: "ఇంత ఎత్తు మీద ఊరు పెట్టారు సరే, నీళ్ళెక్కడివి?"

నేను నవ్వాను. ఆ ఊరు చచ్చిపోవడానికి చెప్పే కారణాల్లో అదొకటి మరి. ఇనుప యుగంలోనే కోటగా ఉన్న ఆ గుట్ట మీద, ఫ్రాన్సు వైపు నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక వాళ్ళ విలియం రాజు కోట కట్టించాడు. 1086లో దేశంలోని భూస్వాములందరినీ ఇక్కడికి రప్పించి విధేయత ప్రమాణం చేయించాడు. పక్కనే కథీడ్రల్, అంటే బిషప్పు ఉండే పెద్ద చర్చి, వెలిసింది, 1092లో ప్రతిష్ఠ జరిగితే కొద్ది రోజులకే పిడుగుపాటుకు దెబ్బతింది. అక్కడి నుంచి సైనికులకూ మతాధికారులకూ ఒకే ప్రాకారంలో పొసగలేదు. నీళ్ళు చాలవు, గాలి హోరులో ప్రార్థన పాడితే ఒకరి గొంతు ఒకరికి వినబడదు అని మతాధికారులు రోములోని పోపు దాకా మొరపెట్టుకున్నారు. 1220లో కింద నది ఒడ్డున కొత్త కథీడ్రల్‌కు శంకుస్థాపన జరిగింది. మెల్లగా ఊరంతా దాని వెంట దిగిపోయింది. పాత గుడి రాళ్ళను కూడా మోసుకుపోయి కొత్తదాని ప్రహరీలో పెట్టుకున్నారు. గుట్ట మీద నిలబడితే దక్షిణంగా ఆ కొత్త కథీడ్రల్ శిఖరం కనిపిస్తుంది. 123 మీటర్లు. ఈ దేశంలో అంతకంటే ఎత్తయిన చర్చి శిఖరం లేదు.

పాత కథీడ్రల్ ఇప్పుడు గడ్డిలో ఒక నక్షా మాత్రమే. గోడలు ఎక్కడెక్కడ ఉండేవో నేల మీద రాళ్ళు పరిచి గీత గీశారు. మా వాడు ఆ గీత మీద ఒక కాలి ముందు ఒక కాలు పెట్టి నడుస్తుంటే, నాన్నగారు అడుగులు లెక్కపెట్టుకుంటూ పొడవు కొలిచారు. తర్వాత నడిమి కోటలోకి వెళ్ళి అక్కడి బావిలోకి వంగి చూసి, సున్నపురాయి నేల, ఇంత ఎత్తులో బావి తవ్వి నీళ్ళు తోడుకోవాలంటే ఎంతమంది కూలీలు కావాలో నాకు వివరించి చెప్పారు. స్టోన్‌హెంజ్ దగ్గర మేం నలభై నిమిషాలు ఉంటే ఇక్కడ మధ్యాహ్నం గడిచిపోయింది. పులిహోర డబ్బాలు ఆ కట్ట మీదే ఖాళీ అయ్యాయి.

చెట్టు కింద ఎన్నిక

గుంపులోని ఆయన అన్నట్టు అక్కడ ఏమీ లేదు, నిజమే. కానీ ఆ ఏమీ లేని చోటుకు 1832 దాకా ఇద్దరు పార్లమెంటు సభ్యులు ఉండేవారు. ఊరు పోయినా హక్కు పోలేదు. ఓటు మనుషులది కాదు, స్థలాలది. గుట్ట కింద పొలంలో కొన్ని పాత ఇళ్ళ స్థలాలుండేవి, వాటి పత్రం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు ఓటు. స్థలాలన్నీ కొనుక్కున్న ఆసామి ఎన్నికనాడు ఆ పత్రాలను తన మనుషుల చేతుల్లో పెట్టేవాడు. పొలంలో ఒక చెట్టు కింద ఎన్నిక తంతు జరిగిపోయేది. 1831 నాటికి ఓటర్లు 11 మంది, అందులో ఒక్కరి కాపురమూ అక్కడ లేదు. అదే సమయంలో నూలు మిల్లులతో కిక్కిరిసిన మాంచెస్టర్‌కు ఒక్క సభ్యుడైనా లేడు.

ఈ సంగతి ఇంగ్లండులో బడిపిల్లలకు కూడా తెలుసు. నేను సగం రోజు అడుగుతున్నది ఆ ఆసామి కోసం. 1690 ప్రాంతంలో ఈ స్థలాలను, పక్కనున్న స్ట్రాట్‌ఫర్డ్ గ్రామాన్ని కొన్నవాడు థామస్ పిట్. ఈస్టిండియా కంపెనీకే వ్యాపార హక్కు ఉన్న రోజుల్లో, దాన్ని లెక్కచేయకుండా ఒడిశా తీరాన బాలాసోర్‌లో సొంత వ్యాపారం చేసి డబ్బు గడించినవాడు. ఇంగ్లండుకు తిరిగి వస్తే కంపెనీ కేసు పెట్టి జరిమానా వేయించింది. జరిమానా కట్టేసి, మిగిలిన సొమ్ముతో ఇక్కడ ఎస్టేటు కొని పార్లమెంటులో కూర్చున్నాడు. ఇక వీడితో పడలేమనుకున్న కంపెనీ, 1698లో ఆయననే మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరును చేసి పంపింది.

వరహాల లెక్క

మద్రాసులో ఉండగా జామ్‌చంద్ అనే వ్యాపారి ఒక ముడి వజ్రం తెచ్చాడు. 410 క్యారెట్లు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది మాట, పరిటాలది అనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడిదైనా కృష్ణ ఒడ్డుదే. బేరం చివరికి 48,000 వరహాల దగ్గర తెగింది. 1702లో కొడుకు రాబర్ట్ చేత దాన్ని లండన్‌కు చేరవేయించాడు. సాన పట్టడానికే రెండేళ్ళు పట్టింది, పట్టాక మిగిలింది 140 క్యారెట్లు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి 1,35,000 పౌండ్లకు కొన్నాడు. ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సొత్తు.

ఇక్కడొక జాగ్రత్త. మన కృష్ణా వజ్రంతో ఇంగ్లండు పార్లమెంటు సీటు కొన్నాడు అని ఒక్క వాక్యంలో చెప్పేస్తే చప్పట్లు పడతాయి. కానీ సంవత్సరాలు ఒప్పుకోవు. సీటు ముందు, వజ్రం తర్వాత. సీటు కొన్నది బాలాసోర్ సొమ్ము. వజ్రం చేసింది ఆ కుటుంబాన్ని మూడు తరాలు పైకెత్తడం. కార్న్‌వాల్‌లో, బర్క్‌షైర్‌లో ఎస్టేట్లు వచ్చాయి. రాబర్ట్ కొడుకు విలియం 1735లో ఈ ఓల్డ్ సారమ్ నుంచే మొదటిసారి పార్లమెంటులో అడుగుపెట్టి, తర్వాత ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన కొడుకు చిన్న విలియం పిట్ 24 ఏళ్ళకే ప్రధాని. కంపెనీ పాలనను ప్రభుత్వ అదుపులోకి తెచ్చిన 1784 నాటి చట్టం ఆయన పేరుతోనే పిలవబడుతుంది. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చేనాటికి బ్రిటన్‌ను ఏలుతున్నది, కృష్ణ ఒడ్డు వజ్రాన్ని వరహాలు పోసి కొన్న ఆ వ్యాపారి మునిమనవడు. తమాషా ఏమిటంటే, 1802లో ఈ స్థలాలను కొన్న కాలెడన్ ప్రభువుకు కూడా తండ్రి నుంచి వచ్చింది కంపెనీ కొలువులో సంపాదించిన ఆస్తే.

ఆ వజ్రం గురించి ఒక కథ తిరుగుతుంది. గనిలో పనిచేసే బానిస దాన్ని కాలి గాయంలో దాచి కట్టు కట్టుకుని పారిపోయాడనీ, ఓడ మీద ఒక ఇంగ్లీషు వాడు దాన్ని లాక్కుని అతణ్ణి సముద్రంలోకి తోశాడనీ. దీనికి ఆధారం లేదు. పిట్ దాన్ని న్యాయంగా సంపాదించలేదన్న పుకారు మాత్రం ఆయన బతికుండగానే లండన్‌లో పాకింది, 1710లో తాను సక్రమంగానే కొన్నానని ఆయన ప్రమాణం చేసి రాసిపెట్టుకోవలసి వచ్చింది. నాకు ఆ కథ కంటే ఆ గనులు చూసివెళ్ళిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ రాసిన ఒక అంకె ఎక్కువ గుచ్చుకుంటుంది. కొల్లూరు గనుల్లో 60,000 మంది పనిచేసేవాళ్ళట. మగవాళ్ళు తవ్వడం, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోయడం. వాళ్ళలో ఒక్క పేరు కూడా మనకు మిగల్లేదు.

కాదనేవాళ్ళ మాట

"నువ్వు చదువుకుని వచ్చావు కాబట్టి నీకు ఇవన్నీ కనిపిస్తున్నాయి. చదవనివాడికి గడ్డే కదా" అని మా ఆయన తిరుగు ప్రయాణంలో అన్నారు. ఈ మాటను తోసిపుచ్చలేను. స్టోన్‌హెంజ్ అక్షరం ముక్క తెలియనివాడికి కూడా ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపుతుంది, ఓల్డ్ సారమ్ పంపదు. కానీ నాన్నగారు ఒక్క ముక్క చదవకుండా వచ్చారు, వచ్చి అసలు ప్రశ్నే అడిగారు. గోడలూ గోపురాలూ ఉన్నచోట మనం తలెత్తి చూసి బాగుందనుకుని కదిలిపోతాం. ఏమీ లేనిచోట మనిషి తన బతుకులో తెలిసిన పనిని బయటికి తీస్తాడు. రైతు మట్టి చూస్తాడు, ఇంజనీరు నీళ్ళు చూస్తాడు, పిల్లవాడు పరుగు తీస్తాడు. గంట సమయంలో మాత్రం ఇది జరగదు, అందుకే సగం రోజు అంటున్నాను.

రెండో అభ్యంతరం నాలోంచే వస్తుంది. ఎక్కడికి వెళ్ళినా మనవాళ్ళకు మన ముక్క ఒకటి కనిపించాలి. కోహినూరు మాట రాకుండా లండన్ టవర్ చూసివచ్చిన తెలుగు కుటుంబాన్ని నేనింకా చూడలేదు. "అది మాదే, ఎత్తుకుపోయారు" అన్న మాటలో కోపం తక్కువ, ఒక రకమైన దర్జా ఎక్కువ. ఓల్డ్ సారమ్‌ను కూడా ఆ జాబితాలో కలపడం నా ఉద్దేశం కాదు. పిట్ వజ్రం లాక్కున్నది కాదు, డబ్బిచ్చి కొన్నది. అందుకే అది కోహినూరు కంటే ఇబ్బంది పెట్టే కథ. ఇందులో అమ్మినవాడు ఉన్నాడు, గని కౌలుకు ఇచ్చిన ఏలికలు ఉన్నారు, మధ్యవర్తులు ఉన్నారు. అందరికీ ముట్టింది, తవ్వినవాళ్ళకు తప్ప.

కట్ట మీద కూర్చుని ఇదంతా నాన్నగారికి చెప్పినప్పుడు, కొల్లూరు పేరు వినగానే ఆయన కాసేపు పులిహోర కలుపుతూ ఉండిపోయారు. "కొల్లూరు ఎక్కడుందమ్మా ఇప్పుడు? పులిచింతల నీళ్ళ కింద ఉంది. ముంచింది మా శాఖే" అన్నారు. 45.77 టీఎంసీల జలాశయం అది, ఆ నీళ్ళతో కృష్ణా డెల్టా నారుమళ్ళు సకాలంలో తడుస్తున్నాయి. తప్పు జరిగిందని ఆయన అనలేదు, నేనూ అనను. కాకపోతే రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూసుకోకుండా ఉండలేకపోయాను. ఇక్కడ ఒక ఊరు నీళ్ళు లేక చచ్చిపోతే దాని గోడల గీతలు కూడా గడ్డిలో కాపాడుతున్నారు. అక్కడ గనుల ఊరు నీళ్ళలో మునిగితే, గట్టు మీద నిలబడి కొల్లూరు ఎటువైపని అడిగితే చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. "ఇక్కడ స్థలానికి ఓటుంది, అక్కడ మనుషులకు పరిహారం ఉంది, లెక్క సరిపోయింది" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

మూడో అభ్యంతరం పెద్దవాళ్ళది. గాలి బాగా కొడుతుంది, నిజం. కట్టలు ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. స్టోన్‌హెంజ్‌లో చక్రాల కుర్చీ కూడా సాఫీగా పోతుంది, ఇక్కడ గడ్డి మీద పోదు. మోకాళ్ళు సహకరించనివాళ్ళను నేను బలవంతపెట్టను, వాళ్ళకు సాల్స్‌బరీ కథీడ్రల్ చాలు. రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి మాగ్నా కార్టా పత్రం ప్రతి అక్కడ అద్దాల వెనక ఉంది, కూర్చోవడానికి బల్లలున్నాయి.

వెళ్ళేవాళ్ళకు ఒకటి రెండు మాటలు. మే నెలలోనైనా గాలి ఆగే జాకెట్లు పెట్టుకోండి. పొద్దున ఏవ్‌బరీ, మధ్యాహ్నం ఓల్డ్ సారమ్, స్టోన్‌హెంజ్ తప్పదంటే ఆ రెంటి మధ్య. బాత్‌ను ఇంకో శనివారానికి వదిలేయండి. గుట్ట దిగాక తిన్నగా ఇంటిదారి పట్టకుండా పడమటి వైపు లోయలో ఉన్న స్ట్రాట్‌ఫర్డ్ సబ్ కాసిల్ ఊళ్ళోకి పోనివ్వండి. రోడ్డు ఇరుకు, ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. అక్కడి చర్చి గోపురాన్ని మద్రాసు నుంచి తిరిగి వచ్చాక పిట్ తన డబ్బుతో కట్టించాడు. దాత థామస్ పిట్ అని, 1711 అని గోపురం మీద చెక్కి ఉంటుంది. తలుపు మూసి ఉన్నా ఇబ్బంది లేదు, అక్షరాలు పెద్దవి, రోడ్డు మీద నుంచే చదువుకోవచ్చు.